రెండో మౌనేశ్

ఓబమ్మ బండ మీద నుంచి లేవలేదు.

పొద్దున్నే మొహం కడుక్కొని, తల దువ్వుకొని, ఊరికి బయల్దేరే మనిషిలా చీర కుచ్చిళ్ళు సర్దుకొని వచ్చి కూర్చుంది. వాకిట్లో రెండు తుమ్మ మొద్దుల మీద పరిచి ఉంది ఆ నల్లబండ. దాని మీద కూతురు సహన నిన్న సాయంత్రం చాక్‌పీసుతో కన్నడంలో దిద్దిన 'వీర యోధ మౌనేశ్' అన్న మాటలు తల్లి వీపు వెనక కనిపిస్తున్నాయి. చనిపోయిన తేదీ ఆమె మోకాళ్ళ ముందుంది. పుట్టిన తేదీ మాత్రం ఆమె కింద ఉంది.

ఎక్కడ కూర్చోవాలో చూసుకునే కూర్చుంది.

"లెయ్యి," అన్నాడు మొగుడు శరణప్ప, మూడోసారి.

"లెయ్య."

"నలుగురూ చూస్తాండారు ఓబీ."

"చూడనీ. నేనేమన్నా సంతలో కూసుండానా? నా వాకిట్లో నేను కూసుండా."

బండ చెక్కడానికి సంగనకల్లు నుంచి వచ్చిన ఉచ్చెంగెప్ప గోడ నీడన ఉలులు వరసగా పెట్టుకొని, ఆకువక్క నములుతున్నాడు. ఆయనకు చదువు రాదు. ఎవరైనా అక్షరాలు దిద్ది పెడితే ఆ గీత మీదే ఉలి నడిపిస్తాడు. వెంట్రుకంత పక్కకు పోడు. ఆ గీతలో ఉన్నది నిజమో అబద్ధమో ఆయన పని కాదు.

"చెల్లీ," అన్నాడు, "బండ మీద ఇంకో బండ కూసుంటే ఉలి యాడ పెట్టేది నేను? రవ్వంత జరుగు. నీ సుట్టూ చెక్కుకుంటా పోతా."

"నీ ఉలి నీ నోట్లో పెట్టుకో అన్నా. ఆ నమిలేదన్నా ఆగుతాది."

ఆయన నవ్వబోయి, తాను ఏ ఇంటి వాకిట్లో ఉన్నాడో గుర్తొచ్చి, ఆ నవ్వును ఆకుతో పాటే మింగేశాడు.

సహన గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో చాక్‌పీసు ముక్క. మిలిటరీ వాళ్ళు పంపిన కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. అందులో ఉన్న తేదీనే నిన్న బండ మీదికి ఎక్కించింది. ఎక్కిస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు. వణకనందుకే రాత్రంతా తన చేతిని తాను అనుమానించింది.

"ఏమైంది చెల్లీ?" ఉచ్చెంగెప్ప గొంతు తగ్గించాడు. "అచ్చరాలు బాగలేవా?"

"అచ్చరాలు బాగుండాయి. ఆ పుట్టిన దినం వానిది కాదు."

శరణప్ప గబుక్కున వీధి వైపు చూశాడు. వీధిలో ఎవరూ లేరు. ఒక మేక ఉంది. దాన్ని కూడా ఆయన అదిలించాడు.

---

ఆ తేదీన పుట్టిన మౌనేశ్ ఒకడున్న మాట నిజమే. వాడు రెండేళ్ళ నాలుగు నెలలు బతికాడు. జ్వరం వచ్చి మూడో రోజున పోయాడు. సహన అప్పటికి ఎనిమిది నెలల పిల్ల. పాలపళ్ళు ఊడని బిడ్డలకు రాయి పెట్టరు కాబట్టి ఊరి ఆసామి వెంకటరామి చేను గట్టున పూడ్చి, మీద ముళ్ళకంప కప్పి వచ్చారు. డ్రిప్పు పైపుల కోసం చేను చదును చేసినప్పుడు ఆ గట్టు కూడా పోయింది.

ఆ తర్వాత ఏడాది దాటి ఇంకో మగబిడ్డ పుట్టాడు. శరణప్ప తల్లి ఆ పసివాడిని చాటలో వేసుకొని పోయి పేడ తిప్ప మీద దొర్లించింది. ముక్కు కుట్టించింది. తిప్పడు అని పిలిచింది. తిప్ప మీద దొరికినవాడు ఎవరికీ అక్కర్లేనివాడు, చావుకు కూడా అక్కర్లేదని.

ముసలమ్మ అక్కడితో ఆగలేదు. బడిలో చేర్చే రోజున ఇనప్పెట్టె అడుగు నుంచి పెద్దవాడి పుట్టుక పత్రం తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"ఈ పేరు పైన ఒకసారి కొట్టేసినారు," అంది. "కొట్టేసిన పేరు కోసం మళ్ళీ రారు. ఈ పేరే రాయించు."

పెద్దవాడు పోయినట్టు ఏ ఆఫీసులోనూ ఎవరూ రాయించలేదు. చిన్నవాడు మిరప కళ్లం పక్కన గుడిసెలో పుట్టాడు, వాడికి కాగితమే లేదు. అలా తిప్పడు బడిలో మౌనేశ్ అయ్యాడు. తన వయసు కంటే మూడున్నరేళ్ళు పెద్దవాడయ్యాడు. ఇంట్లో సహనకు తమ్ముడు. కాగితంలో అన్న.

ముసలమ్మ మోసం చేయాలనుకున్నది చావునొక్కదాన్నే, సర్కారును కాదు. కానీ చావు చదువుకున్నదానిలా ఆ కాగితం పట్టుకునే వచ్చింది. సరిహద్దులో కాల్పులు మొదలైన వారం, ఎక్కడో ఉత్తరాది ట్రైనింగు క్యాంపులో, వీపున బరువు మోసుకుంటూ ఎండలో నడిచిన పిల్లల్లో ఒకడు కూలిపోయాడు. వాడికి ఇరవై ఏళ్ళని వాళ్ళ పుస్తకంలో ఉంది.

పదిహేడు నిండలేదని ఈ వాకిట్లో ఉంది.

---

బుల్లెట్ బండి చప్పుడు వినగానే శరణప్ప భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. అది ఆయన చేసే పని కాదు, ఆయన చెయ్యి తనంతట తాను చేసే పని.

వెంకటరామి దిగాడు. అరవై దాటిన మనిషి. ఊర్లో సగం మిరప చేను ఆయనది, దోణిమలై గనుల వైపు తిరిగే టిప్పర్లు కొడుకువి. బండ ఖర్చు, ఆదివారం దాన్ని నిలబెట్టే సభకు షామియానా, అన్నీ ఆయనే పెట్టుకున్నాడు. ఎన్నికల కోసం పెట్టుకున్నాడని కొందరన్నారు. కావచ్చు. కానీ శవపేటిక వచ్చిన రోజు మోక బస్టాండులో ఈయన కూడా చెప్పులు విప్పి, ఆ కాలే తారు మీద ఊరిదాకా నడిచాడు. ఆ రెండూ ఒక మనిషిలోనే ఎలా ఉంటాయో సహనకు ఇంకా అర్థం కాలేదు. ఈమధ్య మాత్రం అర్థమవుతున్నట్టు భయమేస్తోంది.

ఆయన వాకిట్లో అటూ ఇటూ చూసి, బోర్లించిన పురుగుమందు డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఈ ఇంటి వాకిట్లో ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"ఏంది ఓబమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు లేస్తేనే గదా వాడు నిలబడేది."

"యాడ నిలబడతాడు సామీ? ఈ బండ మీద నిలబడేది వాళ్ళన్న. నా చిన్నోడు యాడుండాడు ఇందులో?"

"పేరుండాది గదా."

"పేరూ వానిదే. పెద్దోని పేరు, పెద్దోడు పుట్టిన దినం. చచ్చిపోయిన దినం ఒకటే చిన్నోనిది. అంటే ఏంది సామీ? నా చిన్నోడు పుట్టనే లేదు, సుమ్నే, ఊరికే చచ్చిపోయినాడు. అంతేనా?"

ఉచ్చెంగెప్ప ఉలుల వరసలో ఒకదాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఊరంతా తెల్సు గదమ్మా," అన్నాడు వెంకటరామి. "నాకు తెల్సు. బడిలో అయ్యవారికి తెల్సు. ఊరికి తెలిసింది ఊర్లోనే ఉంటాది. బండ మీద చెక్కితే బస్సు దిగిన ప్రతివోడూ చదువుతాడు."

"నీకు తెల్సునా వాని వయసు?"

"తెల్సు."

"తెలిసే పదకొండేళ్ళకి వాని వీపుకి మందు డబ్బా తగిలించినావా?"

"ఓబీ!" అన్నాడు శరణప్ప.

వెంకటరామి చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. తను కూర్చున్న డ్రమ్ము వైపు చూసుకున్నాడు. లేవబోయి, లేవకుండా కూర్చున్నాడు.

"తగిలించినా," అన్నాడు. "నా చేత్తోనే పట్టీ బిగించినా. అది అడగాల్సినప్పుడు అడుగు, నేను యాడికీ పోను. ఇప్పుడు ఆదివారం సంగతి చూద్దాం. మిలిటరీ సాహెబు వస్తాడు. ఆయన చేతిలో ఒక దినం, మన బండ మీద ఒక దినం ఉంటే సెల్యూటు కొట్టి పోతాడా? కూసోబెట్టి అడుగుతాడు. మొదట ఏమడుగుతాడో తెల్సునా? మిలిటరీలో చేరేదానికి ఈ అప్లికేషన్ నింపింది ఎవరు అని. తెలిసి నింపినోళ్ళు ఎవరైతే వాళ్ళ మెడకి చుట్టుకుంటాది. పోయినోడు ఎట్లా పోయినాడు. ఉన్నోళ్ళని కాపాడుకోవల్ల గదా."

"చుట్టుకోనీ!" ఓబమ్మ గొంతు మొదటిసారి లేచింది. "నింపినోని మెడకే చుట్టుకోనీ. నింపింది మీ కొడుకు చక్రధర్ గదా."

"మావాడా?" వెంకటరామి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సొంత టిప్పరు పర్మిట్టుకే నన్ను లైన్లో నిలబెడతాడు వాడు. వాడు కూసోని ఒకరి అప్లికేషన్ నింపుతాడా? ఎవరు చెప్పినారు నీకు?"

ఓబమ్మ తల తిప్పి మొగుని వైపు చూసింది.

శరణప్ప నేల చూశాడు.

సహన వేళ్ళ మధ్య చాక్‌పీసు రెండుగా విరిగింది. అంత చిన్న చప్పుడు కూడా తనొక్కదానికే వినపడిందా, అందరికీ వినపడిందా అన్నది ఆమెకు తెలియలేదు.

---

అప్పట్లో ఒక రోజు, మోకలో బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్. బళ్ళారి బస్సుకు ఇంకా అరగంట ఉంది. తిప్పడు చేలో పురుగుమందు కొట్టి నేరుగా వచ్చాడు, వాడి చేతుల నుంచి ఆ ఘాటు వాసన ఇంకా పోలేదు. స్క్రీను మీదికి వంగి, వేలితో చూపించాడు.

"చూడు, ఈడ నేను నీకంటే పెద్దోణ్ణి. అన్న మాట వినల్ల. టైప్ చెయ్యి."

"ముక్కు కుట్టిన తొర్ర ఇంకా పూడలేదు, అన్న అంట!"

"ఏమే చెల్లీ, గౌరవం!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె ఆ తేదీ కొట్టింది. సెంటరతను అడిగిన ఫోన్ నంబరు తనదే ఇచ్చింది.

ఇంతవరకు సహన తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. వాడు అడిగాడు, నేను నింపాను. నేను కాకపోతే ఇంకొకరు నింపేవారు. చదువుకున్న అక్క ఎవరైనా చేసే పని. ఈ మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చితే గోడలా నిలబడేవి. కానీ ప్రతిసారీ ఆ గోడకు ఒక ఇటుక తక్కువయ్యేది. ఈ పొద్దు తల్లి బండ మీద కూర్చున్నాక ఆ కంతలోంచి లోపలున్నది కనిపించింది.

వాడు పోవాలని ఆమె కోరుకుంది.

చెడు కోరలేదు. వాడు నౌకరీకి పోతే ఇంటికి ఒక మగవాడి ఆసరా ఉంటుంది, తనను మిరపకాయలు కోయడానికి పిలవరు, డిగ్రీ పూర్తి చేయనిస్తారు. అంతే. అంత చిన్న కోరిక. బస్సులో కిటికీ పక్క సీటు కోరుకున్నంత చిన్నది. ఆ కిటికీ కోసం పదహారేళ్ళవాణ్ణి పందొమ్మిదేళ్ళవాణ్ణి చేసి పంపింది.

అది కూడా అట్టడుగుది కాదు. దాని కింద ఇంకొకటి ఉంది. అక్కడికి ఆమె ఇంకా దిగలేదు. దిగే ప్రతిసారీ ఎవరో పిలిచినట్టు వెనక్కి వచ్చేసేది.

---

"ఎవరు?" అంది ఓబమ్మ. "చక్రధర్ అని చెప్పింది నువ్వే గదా మనిషీ. ఎవరు నింపినారు?"

"నేను," అన్నాడు శరణప్ప.

"నువ్వా?"

"నేనే నింపించినా. మోకలో."

"నీ పేరు నువ్వు రాసుకునేది రాదు. బ్యాంకులో వేలు ముంచేటోనివి. నువ్వు కంప్యూటర్ నింపినావా?"

"చెప్పి నింపించినా అంటాండా గదా!" ఆయన అరిచాడు. ఆ అరుపులో కోపం లేదు. "కాగితం ఇచ్చింది నేను. బడిలో ఇచ్చింది నేను. అన్నిటికీ నేనే. ఆదివారం సాహెబుకీ అదే చెప్తా. ఇంక లెయ్యి."

సహన తండ్రి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆయన మెడ నరం చెబుతోంది. నెల రోజులుగా ఈ మనిషి తనతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమనుకుంది. కోపం కాదు. తెలిసిపోయిందన్న సంగతి మాటల్లో బయటపడుతుందని నోరు కట్టుకున్నాడు.

ఇంకొకరు తన తప్పు మోస్తుంటే మనిషికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ఊపిరి పీల్చుకోవడం. సహన ఆ ఊపిరి పీల్చుకుంది కూడా. ఒక్క క్షణం. ఆ క్షణం చాలు, మిగిలిన జన్మంతా గుర్తుండటానికి.

"నాయన కాదు," అంది.

"పాపా, సుమ్నే ఉండు."

"నాయన కాదమ్మా. నేను నింపినా. ఆ దినం కొట్టింది నేను. తెలిసే కొట్టినా."

వెంకటరామి కళ్ళు మూసుకున్నాడు. ఉచ్చెంగెప్ప ఆకు నమలడం ఆపాడు. వాకిలంతా తల్లి నోటి వైపు చూస్తున్నట్టుంది. సహన సిద్ధంగా నిలబడింది. చెయ్యి లేస్తుందని, జుట్టు పట్టుకుంటుందని, లేకపోతే ఎదురు రొమ్ము బాదుకుంటుందని. ఏది జరిగినా అది తన మీద పడితే బాగుండునని ఆశగా నిలబడింది.

ఓబమ్మ కదలలేదు.

"తెల్సు," అంది.

ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"వాడే చెప్పినాడు. రైలెక్కే ముందర దినం, తలకి నూనె పెడతాంటే చెప్పినాడు. అక్క నింపిందిమా, నువ్వు తిట్టొద్దు అన్నాడు. మీ నాయన చక్రధర్ అంటే సరే అని ఊరుకున్నా. నా బిడ్డ పేరు నా నోట్లోనుంచి ఎందుకని."

"అమ్మా..."

"నింపినదానికి నేను ఈడ కూసోలేదు. నింపకపోతే వాడు ఇంకొకర్ని పట్టుకునేటోడే. వాడు పట్టిన పట్టు నాకు తెలీదా?" ఓబమ్మ అరచెయ్యి బండ మీద ఆనించి మెల్లగా అటు తిరిగింది. ఇప్పుడు ఆమె కళ్ళు నేరుగా కూతురి మీద ఉన్నాయి. "నాకు ఇంకొకటి తెలియల్ల."

సహన కాళ్ళ కింద గడప చల్లగా తగిలింది. ఎండ ఇంత కాస్తుంటే గడప ఎలా చల్లగా ఉందో అనుకుంది. మనసు ఎప్పుడూ అంతే, అసలుది వస్తున్నప్పుడు పక్కన ఏదో ఒకటి పట్టుకుంటుంది.

"ఆ ఆదివారం సాయంత్రం వాడు నీకు ఫోన్ చేసినాడు," అంది ఓబమ్మ. "నేను కళ్లంలో కాయలు సంచికి ఎత్తుతాండా. నువ్వు గట్టున నిలబడి మాట్లాడతాండావు. ఫోన్ నాకు ఇస్తావేమోనని చెయ్యి కొంగుకి తుడుచుకొని నిలబడినా. మిరపకాయల చెయ్యి గదా, ఫోన్‌కి ఘాటు అంటుతాదని రెండుసార్లు తుడుచుకున్నా. నువ్వు పెట్టేసినావు. ఏమన్నాడే అంటే, బాగుండాడంట అన్నావు. మూడో దినానికి వాడు లేడు."

"బాగుండాడని..."

"నీ మొగం చూసినా నేను ఆ పొద్దు. బాగుండాడని విన్న మొగం కాదది. నెల దినాలు అడగలేదు. నువ్వే చెప్తావని ఉన్నా."

శరణప్ప మొదటిసారి తల ఎత్తి కూతుర్ని చూశాడు. ఇది ఆయనకు తెలియదు.

గట్టు మీద ఆ సాయంత్రం. వాడి గొంతు దూరం నుంచి, వెనక ఎవరో ఈల వేస్తున్నారు, మాట్లాడటానికి ఐదు నిమిషాలే. యుద్ధం వచ్చిందక్కా, సెలవులన్నీ తీసేసినారు, ఆరు నెలలది నాలుగు నెలల్లో చేపిస్తాండారు. బరువేసి నడిపిస్తే నేనే వెనకబడతాండా. ఇరవై ఏళ్ళోనివి, చిన్నపిల్లోని మాదిరి ఏందిరా అంటాండారు. వాడు నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. తర్వాత వాడు అడిగాడు.

అక్కా, నా వయసు వీళ్ళకి చెప్పేద్దునా?

ఆమెకు ఆ క్షణంలో కనిపించింది నెట్ సెంటర్ స్క్రీను, తన నంబరు, తన కాలేజీ. వాడి మొహం కాదు. ఇంకా ఏడు వారాలే గదరా, అంది. ఓర్చుకో.

సరేలేక్కా, అన్నాడు వాడు. వాడెప్పుడూ అక్క మాట వినేవాడు, కాగితంలో ఎంత అన్న అయినా.

"చెప్పు," అంది ఓబమ్మ.

బండ మీద నుంచి దిగింది. పొద్దుటి నుంచి ఎవరు లెమ్మన్నా లేవని మనిషి, ఎవరూ అననప్పుడు లేచింది. మోకాళ్ళు పట్టేశాయి, శరణప్ప చెయ్యి అందించబోతే వద్దంది.

ఆమె కూర్చున్న చోట తేదీ లేదు. అంకెలన్నీ ఆమె చీరకు అంటుకొని పోయాయి. తెల్లటి పొడి నడుము కింద మరకలా ఉంది, చదవడానికి రాదు. బండ మీద ఆ చోటు తుడిచినట్టు నల్లగా, వెచ్చగా మిగిలింది.

"వాడేమన్నాడో చెప్పు," అంది. "నువ్వేమన్నావో చెప్పు. తర్వాత నీ చేతికి ఏ దినం రాయాలనిపిస్తే ఆ దినం రాయి. పెద్దోనిదైనా సరే, చిన్నోనిదైనా సరే. నేను అడ్డం రాను. సాహెబు వచ్చి ఏం చేసుకుంటాడో చేసుకోనీ."

వెంకటరామి డ్రమ్ము మీద నుంచి లేచి, తనకు సంబంధం లేని మనిషిలా గేటు దాకా పోయి, పోలేక అక్కడే నిలబడ్డాడు.

ఉచ్చెంగెప్ప అలవాటుగా ఉలి తీసుకొని, బండ చివర మెల్లగా తట్టి చూశాడు. ఆ రాయి గంటలా మోగింది. ఆ మోత ఆగేదాకా చెయ్యి పైకి పట్టుకొని ఉండి, ఉలి కింద పెట్టేశాడు.

సహన గడప దిగింది. బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. విరిగిన చాక్‌పీసు ముక్కల్లో చిన్నది ఏదో చూసి దాన్నే తీసుకుంది. ఖాళీ చోటు మీద చెయ్యి ఆనించింది. తల్లి ఒంటి వేడి ఇంకా ఆ రాతిలో ఉంది.

రాయలేదు.

"అమ్మా," అంది తల ఎత్తకుండానే. "వాడు నన్నొకటి అడిగినాడు."